ఎగ్జిమా ఉన్న పిల్లకి పాలు, గుడ్లు మానిపించాలా?

మీ పద్నాలుగేళ్ల పాపకి మోచేతి మడతల్లో ఎగ్జిమా తగ్గట్లేదని, ఒంట్లో సత్తువ లేకే ఇలా అవుతోందా అని, పాలు, గుడ్లు మానిపిస్తే తగ్గుతుందా అని అడిగారు. దయచేసి తొందరపడి ఏదీ మానిపించకండి.

మా అబ్బాయికి దాదాపు ఇదే వయసులో, అలర్జీ రక్తపరీక్షలో పాజిటివ్ వచ్చిందని ఒకచోట పాలు, గుడ్లు, గోధుమలు అన్నీ ఆపించారు. పిల్లాడు చిక్కిపోయాడు, దురద మాత్రం అలాగే ఉంది. తర్వాత చూసిన చర్మవైద్యురాలు ముందుగా వాడి ఎత్తు, బరువు చూశారు. ఆ పరీక్షలో పాజిటివ్ వచ్చినంత మాత్రాన తింటే పడదని కాదట. అనుమానం గట్టిగా ఉంటే డాక్టర్ల ఎదుట కొద్దికొద్దిగా తినిపించి తేల్చుకోవాలి. పైగా పసిపిల్లలతో పోలిస్తే ఈ వయసులో తిండి వల్ల ఎగ్జిమా రేగడం తక్కువ.

సత్తువ విషయానికొస్తే, ఎగ్జిమాకి మూలం చర్మం పైపొర బలహీనంగా ఉండటం, రోగనిరోధక వ్యవస్థ అతిగా స్పందించడం. కొందరికి ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ లోపం పుట్టుకతోనే ఉంటుంది. విటమిన్ డి తక్కువున్న పిల్లల్లో, ఊబకాయం ఉన్నవాళ్లలో ఎగ్జిమా ఎక్కువగా కనిపిస్తుందంటారు కానీ, ఏది కారణమో ఏది ఫలితమో చెప్పలేం. మా ఇంట్లో మాత్రం వరస స్పష్టంగా కనిపించింది: రాత్రంతా గోకుడు, నిద్ర లేదు, పొద్దున్నే చిరాకు, కంచం ముందు కూర్చుంటే ముద్ద దిగదు. పాప పాలిపోయినట్టున్నా, నెలసరి ఎక్కువగా అవుతున్నా హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతో చెప్పే పరీక్ష) చూపించండి. ఐరన్ తక్కువైతే దానివల్ల కూడా దురద వస్తుంది.

మావాడికి తేడా తెచ్చింది పైపూతే. స్నానం కాగానే, ఒంటి మీద తడి పూర్తిగా ఆరకముందే మాయిశ్చరైజర్ మందంగా రాసేవాళ్లం. స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ అంటే భయపడి చాలామంది అద్దీఅద్దనట్టు రాస్తారు. పెద్దవాళ్ల చూపుడువేలి కొస నుంచి మొదటి గీత దాకా పిండితే వచ్చే మందు, వేళ్లతో కలిపి పెద్దవాళ్ల రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. డాక్టర్ చెప్పినన్నాళ్లు అలా రాశాక దురద తగ్గి నిద్ర పట్టింది, ఆకలీ వచ్చింది. ఆపిన తిండి డాక్టర్ సలహాతోనే ఒక్కొక్కటిగా మళ్లీ మొదలుపెట్టాం. ఎక్కువకాలం మానేసినవాటిని సొంతంగా మొదలుపెడితే కొందరికి తీవ్రమైన అలర్జీ రావచ్చు.

ఏదైనా తిన్న కాసేపటికే దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే అది వేరే సంగతి. ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.