కొండ ఊళ్లో వారం రోజులు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది ఇరవై ఇళ్లున్న కొండ ఊరు. పైన ఊట నుంచి పైపులో నీళ్లు దిగుతాయి. ఊట ఎప్పటిలాగే పారుతోంది. కొళాయిలో మాత్రం ధార సన్నబడింది, గుడగుడమంటూ గాలి తన్నుతోంది. లావు పైపు వేయిద్దామని ఊళ్లో కొందరంటున్నారు. వేయించాలా?

జవాబు: తొందరపడకండి. ముందు ఒక బకెట్టు, ఒక గడియారం పట్టుకుని ఊట దగ్గరికి ఎక్కండి. పది లీటర్ల బకెట్టు నిండటానికి రెండు నిమిషాలు పట్టిందనుకుందాం. అంటే నిమిషానికి 5 లీటర్లు. ఇప్పుడు కిందికి దిగి, మిగతా కొళాయిలన్నీ కట్టించి, అన్నిటికంటే దిగువన ఉన్న కొళాయి కింద అదే బకెట్టు పెట్టండి. రెండు లెక్కలూ దగ్గరదగ్గరగా ఉంటే పైపు తప్పేం లేదు. కింద బాగా తక్కువ వస్తే దారిలో ఎక్కడో అడ్డుంది, లేదా కారుతోంది.

గాలి వస్తోందన్నారు కాబట్టి ముందుగా ఊట దగ్గరి తొట్టి చూడండి. పైపు మూతి మీద కనీసం జానెడు నీళ్లు నిలవాలి. అంతకంటే తగ్గితే నీళ్లు సుడి తిరిగి పైపు గాలి పీలుస్తుంది. తొట్టికి ముందున్న జాలీ మీద ఆకులు పేరుకుంటే జరిగేది ఇదే: ఊట నీళ్లు పక్కనుంచి పొర్లిపోతుంటాయి, తొట్టి మాత్రం సగమే నిండి ఉంటుంది. జాలీ వారానికోసారి, ఆకులు రాలే రోజుల్లో రెండుసార్లు కడగాలి. వాన వెలిసిన మర్నాడు కడగడం మాత్రం తప్పించకూడదు.

తొట్టి నిండుగానే ఉంటే పైపు వెళ్లిన దారిన నడవండి. రాయి మీదుగానో గట్టు మీదుగానో పైకి లేచి మళ్లీ దిగిన చోటే గాలి చేరి కూర్చుంటుంది. ఆ మూపురం మీద T ఆకారపు అతుకు ముక్క వేసి చిన్న కొళాయి బిగించండి. దాన్ని తిప్పితే ముందు గాలి బుసకొడుతుంది, తర్వాత తెల్లటి నురగ నీళ్లు, ఆ తర్వాత నిండు ధార వస్తుంది. అప్పుడు కట్టేయండి. మరమ్మతు తర్వాత లైను నింపేటప్పుడు పై వాల్వును ఒక్కసారిగా తెరవకండి. కింది కొళాయి తెరిచి ఉంచి, పైది కొద్దికొద్దిగా విప్పాలి. తొందరపడితే గాలి బయటికి పోయే లోపే నీళ్లు దాన్ని మధ్యలో బంధిస్తాయి.

ఎత్తు లెక్క కూడా చూసుకోండి. ప్రతి 10 మీటర్ల దిగుడుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు కిలో ఒత్తిడి పెరుగుతుంది. 6 కిలోల ఒత్తిడి తట్టుకునే పైపు 60 మీటర్ల దిగుడుకే సరి. ఊట 100 మీటర్ల పైనుంటే మధ్యలో మూత లేని చిన్న తొట్టి కట్టి ఒత్తిడి తెంచాలి. పైపులు పగిలేది అందరూ నీళ్లు పట్టుకునేటప్పుడు కాదు, రాత్రి కొళాయిలన్నీ కట్టేసి నీళ్లు కదలకుండా నిలిచినప్పుడు. పూర్తి ఒత్తిడి పడేది అప్పుడే.

ఇక అసలు సంగతి. నిమిషానికి 5 లీటర్లంటే రోజుకు 7,200 లీటర్లు, ఇంటికి 360. కానీ అందరూ పొద్దున రెండు గంటల్లోనే పడితే ఆ వేళకు వచ్చేది 600 లీటర్లు, ఇంటికి 30. మిగతాది రాత్రంతా వాగులో కలుస్తోంది. లావు పైపు వేసినా ఊట పెరగదు. ఆ డబ్బుతో ఊరికి కాస్త పైన ఐదారు వేల లీటర్ల ట్యాంకు కట్టుకోండి. వారానికోసారి బకెట్టు సెకన్లు ట్యాంకు గోడ మీద రాస్తూ పోతే వచ్చే ఏడాది ఈ తగువు రాదు.

ప్రశ్న: తెల్లారేసరికి పైపు గడ్డకడుతోంది. కాగడాతో కాచవచ్చా?

జవాబు: వద్దు. మంట తగిలిన చోట లోపలి నీళ్లు ఆవిరై, రెండు వైపులా మంచు గడ్డ బిగిసి ఉండటంతో పైపు పేలుతుంది. ప్లాస్టిక్ అయితే కరిగిపోతుంది. కొళాయి తెరిచి, కొళాయి వైపు నుంచి మొదలుపెట్టి వేడినీళ్ల గుడ్డ చుట్టుకుంటూ వెనక్కి వెళ్లండి. కరిగిన నీళ్లకు బయటికి దారి ఉండాలి. చలి బాగా ఉన్న రాత్రుళ్లు కొళాయిని సన్నటి ధారగా వదలడం పాత ఉపాయమే, పనిచేస్తుంది. పైపును నేలలో గడ్డకట్టే లోతుకంటే కింద పూడ్చడమే నికరం.

ప్రశ్న: 2,400 మీటర్ల ఎత్తుకు మారాం. ఎంతసేపు ఉడికించినా గింజలు పలుకుగానే ఉంటున్నాయి. మంట పెంచాలా?

జవాబు: మంట పెంచితే నీళ్లు త్వరగా ఇగిరిపోతాయి, అంతే. ప్రతి 300 మీటర్లకు నీళ్లు మరిగే వేడి సుమారు ఒక డిగ్రీ తగ్గుతుంది. మీ దగ్గర 92 డిగ్రీలకే తెర్లుతాయి. మూత లేని గిన్నెలో అంతకు మించి వేడెక్కవు. ప్రెషర్ కుక్కర్ వాడండి. దానిలోనూ వేడి నాలుగైదు డిగ్రీలు తక్కువే, ఎందుకంటే కుక్కర్ మూత మీది విజిల్ బరువు, ఎత్తులో తగ్గిన బయటి గాలి ఒత్తిడి మీద అదనంగా కలిపేదే గానీ అంతా తానే తెచ్చేది కాదు. 600 మీటర్లు దాటాక ప్రతి 300 మీటర్లకు 5 శాతం చొప్పున సమయం పెంచండి. మీకు 30 శాతం, అంటే 20 నిమిషాల పని 26 అవుతుంది. విజిల్స్ లెక్క మానేసి, మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టండి. గింజలు రాత్రే నానెయ్యండి. పులుపు ఉడికాకే వెయ్యండి, ముందే పడితే పొట్టు మెత్తబడదు. తాగే నీళ్లు 2,000 మీటర్లు దాటిన చోట తెర్లాక మూడు నిమిషాలు మరగాలి.

ప్రశ్న: కట్టెలు వాన తడవకుండా టార్పాలిన్‌తో చుట్టూ కప్పాం. అయినా పొగే.

జవాబు: చుట్టూ కప్పడమే తప్పు. లోపలి చెమ్మ పోయే దారి లేదు. నేలకు జానెడు ఎత్తున వరస పేర్చి, పైన మాత్రమే కప్పి, పక్కలు గాలికి వదలండి. దుంగలు చీల్చకపోతే ఏడాదైనా సరిగా ఆరవు. ఒక చీలికకు గుర్తు పెట్టి వారం వారం తూకం వేయండి. బరువు తగ్గడం ఆగితే కట్టె సిద్ధం. పచ్చికట్టె మంటలో పొగగొట్టం లోపల తారు పేరుకుంటుంది, ఒకరోజు అదే అంటుకుంటుంది. నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడు పొగగొట్టానికి అడ్డుగా ఉండే బిళ్ల పూర్తిగా మూసి పడుకోకండి. అప్పుడు గదిలో చేరే విషవాయువుకు వాసన ఉండదు.

ప్రశ్న: వానల్లో దారి తెగితే ఎన్నాళ్లకు సరిపడా సరుకు పెట్టుకోవాలి?

జవాబు: మీ ఊరికి ఇదివరకు ఎక్కువలో ఎక్కువ ఎన్నాళ్లు దారి తెగిందో పెద్దవాళ్లను అడిగి, దానికి రెట్టింపు. రోజూ వాడే మందులకు కూడా అదే లెక్క, సరుకుకంటే ముందు అవి. ఒక్కటి గుర్తుంచుకోండి: జోరువానలో వాగు పెరగాల్సింది పోయి ఉన్నట్టుండి తగ్గినా, నీళ్లు బురదగా మారినా, పైన ఎక్కడో కొండచరియ జారి అడ్డుపడి ఉండొచ్చు. సామాను చూసుకోకుండా వాగు దారి వదిలి పక్క గట్టుకు ఎక్కండి.

ప్రశ్న: పై మడిలో మొక్కలు పచ్చగా ఉన్నాయి, కింది మడిలో ఆకులు ఒక్క రాత్రికే నల్లబడ్డాయి. పైనే చలి ఎక్కువ కదా?

జవాబు: గాలి లేని, మబ్బు లేని రాత్రి చలిగాలి బరువెక్కి నీళ్లలాగే వాలు వెంట దిగుతుంది. కింది మడికి దిగువన రాతిగోడ ఉండి ఉంటుంది, ఆ గాలి అక్కడ చెరువులా నిలిచింది. గోడ పూర్తిగా తియ్యక్కర్లేదు. అన్నిటికంటే పల్లంలో బారెడు వెడల్పున నేల దాకా తెరవండి, చలి అటునుంచి దిగిపోతుంది.