రెండు మాత్రలూ మానేశాను, మంచిదేనా?

ప్రశ్న: నా వయసు 29. ఇప్పుడు మూడో నెల. నాలుగేళ్లుగా థైరాయిడ్‌కు 75 మైక్రోగ్రాముల మాత్ర, ఏడాదిన్నరగా బీపీకి టెల్మిసార్టాన్ 40 వాడుతున్నాను. నెల తప్పిందని తెలియగానే మా అత్తయ్యగారు “కడుపుతో ఉన్నప్పుడు మందులు మింగకూడదు, వేడి చేస్తాయి” అన్నారు. పది రోజులుగా రెండూ మానేశాను. ఆసుపత్రిలో వచ్చే నెల నుంచి వేసుకోమని ఐరన్, కాల్షియం బిళ్లలు ఇచ్చారు. పాత మందుల సంగతి వాళ్లకు చెప్పలేదు. ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: మీ అత్తయ్యగారి మాట ఒక మాత్ర విషయంలో నిజమే, రెండో దాని విషయంలో పూర్తిగా తప్పు.

థైరాయిడ్ మాత్రను రేపు ఉదయం నుంచే మళ్లీ మొదలుపెట్టండి. మొదటి మూడు నెలల్లో బిడ్డకు సొంత థైరాయిడ్ గ్రంథి ఇంకా పనిలోకి దిగదు కనుక, మెదడు ఎదుగుదలకు కావలసిన హార్మోను తల్లి నుంచే అందాలి. అందుకే గర్భిణుల్లో చాలామందికి ఈ మాత్ర మోతాదు తగ్గించడం కాదు, పావు వంతో ఇంకొంచెం ఎక్కువో పెంచవలసి వస్తుంది. ఈ వారంలోనే టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించుకుంటే ఎంత పెంచాలో డాక్టరు నిర్ణయిస్తారు. ఆ తరువాత ఐదో నెల వరకు సుమారు నాలుగు వారాలకోసారి ఆ పరీక్ష అవసరం. ఒక్క జాగ్రత్త తీసుకోండి: పరగడుపున ఈ మాత్ర వేసుకున్న నాలుగు గంటల దాకా ఐరన్, కాల్షియం బిళ్లల జోలికి వెళ్లవద్దు, అవి దీన్ని ఒంటికి పట్టనివ్వవు. కాఫీకి కూడా కనీసం అరగంట, వీలైతే గంట ఆగండి.

టెల్మిసార్టాన్‌ను మాత్రం తిరిగి మొదలుపెట్టకండి. నాలుగో నెల నుంచి ఈ రకం మందులు బిడ్డ మూత్రపిండాలను దెబ్బతీస్తాయి, ఉమ్మనీరు తగ్గిపోతుంది. ఇన్నాళ్లూ వాడానే అని బెంగపడకుండా, ఆ విషయం డాక్టరుకు చెప్పి, ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ తప్పక చేయించుకోండి. అయితే మందు లేకుండా బీపీని వదిలేయడం కూడా ప్రమాదమే కాబట్టి ఒకటి రెండు రోజుల్లోనే చూపించుకుంటే, గర్భిణులకు ఎంతో కాలంగా ఇస్తున్న లాబెటలాల్, నిఫెడిపిన్, మిథైల్‌డోపాలలో మీకు సరిపడేది రాస్తారు. మూడో నెల దాటాక తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా రాస్తే కంగారు పడకండి. ముందునుంచీ బీపీ ఉన్నవారికి గుర్రపువాతం (కడుపుతో ఉన్నప్పుడు బీపీ బాగా పెరిగి ఫిట్స్ దాకా వెళ్లే జబ్బు) ముప్పు తగ్గించడానికి ఇచ్చేదే అది. ఈలోగా విపరీతమైన తలనొప్పి వచ్చినా, చూపు మసకబారినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే వెళ్లండి.

ఓపీలో “ఏమైనా మందులు వాడుతున్నారా?” అని అడిగితే చాలామంది లేదనే అంటారు. అబద్ధమాడాలని కాదు, రోజూ వేసుకునే మాత్ర వాళ్ల లెక్కలో మందే కాదు. అందుకని థైరాయిడ్ మాత్రల సీసా, బీపీ మాత్రల అట్ట, మెడికల్ షాపులో అడిగి కొన్న నొప్పి బిళ్లలుంటే అవి కూడా సంచిలో వేసుకెళ్లి డాక్టరు బల్ల మీద పెట్టండి. అత్తయ్యగారినీ వెంట తీసుకెళ్లండి, ఏ మాత్ర ఎందుకు మానాలో, ఏది ఎందుకు మానకూడదో ఆవిడ కూడా డాక్టరు నోటనే వింటారు.