స్టెంట్ మళ్ళీ మార్చాలంటే ఆపరేషన్ ఫెయిలైనట్టా?

ప్రశ్న: డాక్టరు గారూ, మాది గాజువాక. మావారికి హైదరాబాద్‌లో లివర్ మార్చారు, మా మరిది తన లివర్‌లో ముక్క ఇచ్చాడు. అంతా బానే ఉందనుకుంటే ఆర్నెల్లకి ఒళ్ళంతా దురద, కళ్ళు పచ్చబడిపోయాయి, లివర్ నుంచి పైత్యరసం దిగే గొట్టం, బైల్ డక్ట్, సన్నబడిందని ఈఆర్‌సీపీ (నోట్లోంచి కెమెరా పైపు పంపి చేసేది) చేసి, అందులో స్టెంట్ అనే చిన్న ట్యూబు పెట్టారు, ఇప్పుడు 3 నెలలకి మళ్ళీ మార్చాలంటున్నారు. ఆపరేషన్ సరిగ్గా చెయ్యలేదా? పక్కింటావిడేమో కామెర్లకి పసరు పోయించమంటోంది.

జవాబు: ముందు పసరు సంగతి తేల్చేద్దామమ్మా, వద్దు. ఇవి పైత్యరసం దిగే దారి మూసుకుపోయి వచ్చిన కామెర్లు, పసరు ఆ దారి తెరవలేదు, పైగా కొత్త లివర్‌ని ఒళ్ళు తిరస్కరించకుండా మీవారు వాడే టాక్రోలిమస్ లాంటి మందులతో ఇలాంటివి కలిస్తే రక్తంలో మందు లెవెల్ అటూఇటూ అయిపోవచ్చు, లివరే దెబ్బతినొచ్చు.

ఇక ఆపరేషన్ తప్పు అనుకోనక్కర్లేదు. బతికున్న మనిషి ఇచ్చిన ముక్కలో పైత్యరసం గొట్టం బాగా సన్నం, ఒక్కోసారి రెండు మూడు ఉంటాయి, అన్నీ కుట్టి కలపాలి, వాటికి రక్తం వచ్చేదేమో ముఖ్యంగా లివర్‌కి వెళ్ళే రక్తనాళం హెపాటిక్ ఆర్టరీ నుంచి, అది కాస్త తగ్గినా కుట్టు దగ్గర మచ్చకట్టి బిగుసుకుపోతుంది. డాప్లర్ అనే రక్తప్రవాహం చూసే స్కాన్‌లో ఆ రక్తనాళం చూశారో లేదో మీ డాక్టర్ని అడగండి.

ప్లాస్టిక్ స్టెంట్ 3 నెలల్లో మడ్డి పట్టేస్తుంది, అందుకే మార్చడం. మార్చినప్పుడల్లా బెలూన్‌తో వెడల్పు చేసి, వీలైతే ఒకటి బదులు రెండు పెడుతూ ఏడాది దాకా సాగదీస్తారు, పిల్లల పళ్ళకి క్లిప్పులు బిగిస్తారు చూడండి, అలాగ. కొందరికి కవర్ ఉన్న మెటల్ స్టెంట్ పెడతారు, అది అన్ని గొట్టాలకీ పనికిరాదు. నోట్లోంచి కుదరకపోతే పక్కటెముకల సందులోంచి ట్యూబు, అదీ కాకపోతే గొట్టాన్ని పేగుకి కలిపే ఆపరేషన్.

నాకు భయమల్లా డేట్ దాటించేసే వాళ్ళని చూస్తేనే. పచ్చదనం తగ్గింది కదా, పండగయ్యాక వెళ్దాంలే అంటారు, ఈలోగా స్టెంట్ మూసుకుపోయి ఇన్ఫెక్షన్. చలి జ్వరం వచ్చినా, మూత్రం ముదురు రంగులోకి మారినా గోదావరి ఎక్స్‌ప్రెస్ టికెట్ కోసం చూడకండి, ఆ రాత్రే వైజాగ్‌లో కేజీహెచ్ కానీ గ్యాస్ట్రో డాక్టరున్న ఇంకో పెద్దాసుపత్రి కానీ, బ్లడ్ కల్చర్‌కి (రక్తంలో ఇన్ఫెక్షన్ ఉందేమో చూసే టెస్టు) రక్తం తీసి యాంటీబయాటిక్ మొదలెట్టాక హైదరాబాద్‌కి ఫోన్ చేసుకోవచ్చు. ఇమ్యూనిటీ తగ్గించే మందుల వల్ల జ్వరం కొద్దిగానే కనిపించొచ్చు, ఆ కొద్దినీ తేలిగ్గా తీసుకోవద్దు. ఈఆర్‌సీపీ అయ్యాక కడుపునొప్పి ఎక్కువైతే పాంక్రియాస్ వాచిందేమో చూడాలి, ఇంటికి తెచ్చేసుకోకండి.

స్టెంట్లన్నీ తీసేశాక కూడా మళ్ళీ సన్నబడొచ్చు కాబట్టి బిలిరుబిన్, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ టెస్టులు మానొద్దు, అవి గాజువాకలోనే చేయించి రిపోర్టు వాట్సాప్‌లో పంపితే సరిపోతుందేమో మీ డాక్టర్ని అడగండి.