చియాంగ్ మాయిలో టీచర్ ఉద్యోగం: పంపే ముందు స్కూలును ఏమడగాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చేసింది. వయసు 26. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూల్లో మూడేళ్లుగా హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతోంది. థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయిలో ఒక బైలింగువల్ స్కూలు నెలకు 38 వేల బాత్‌ల జీతంతో ఆఫర్ ఇచ్చింది. మాది నల్గొండ. ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. ఊరుగాని ఊళ్లో ఒక్కతే ఇల్లు చూసుకుని, వండుకుని, ఆఫీసుల చుట్టూ తిరిగి ఎలా నెట్టుకొస్తుందోనని మావారు టెన్షన్ పడుతున్నారు. అమ్మాయేమో వెళ్లి తీరతానంటోంది. పంపమంటారా?

జవాబు: పంపవచ్చమ్మా. కానీ అమ్మాయి సంతకం పెట్టే ముందు స్కూలు నుంచి కొన్ని జవాబులు రాతపూర్వకంగా రావాలి. మూడేళ్లు హైస్కూలు పిల్లలతో వేగిన టీచరుకు అక్కడి క్లాసు పెద్ద కష్టం కాదు. మనవాళ్లు అలిసిపోయేది క్లాసు బయట పనులతో. ఇమ్మిగ్రేషన్ ఆఫీసు, ఇంటి ఓనరు, బ్యాంకు, భాష రాని హోటల్లో ఒక ప్లేటు అన్నం. వీటిలో కాగితాల పని స్కూలు చేసిపెడితే మిగతావి అమ్మాయి రెండు నెలల్లో నేర్చేసుకుంటుంది. స్కూలు చేతులెత్తేస్తే మాత్రం సెలవులన్నీ ఆఫీసుల్లో క్యూలకే సరిపోతాయి.

అన్నిటికంటే ముందు ఆఫర్ నిజమైనదేనా అన్నది తేల్చుకోండి. థాయ్‌లాండ్‌లో ఉద్యోగం అని పిలిచి, బ్యాంకాక్‌లో దింపి, రోడ్డు మీదుగా మే సోట్ వైపు తీసుకెళ్లి, సరిహద్దు దాటించి మయన్మార్‌లోని సైబర్ మోసాల ముఠాలకు అప్పగించిన ఉదంతాలు చాలా ఉన్నాయి. మన విదేశాంగ శాఖ 2022లోనే దీని మీద హెచ్చరిక జారీ చేసింది. 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వందలాది మందిని వెనక్కి తెచ్చారు. వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ ముఠాలు ఎక్కువగా వల వేసేది డేటా ఎంట్రీ, డిజిటల్ మార్కెటింగ్ ఉద్యోగాల పేరుతో. టీచర్ ఉద్యోగం కదా అని మీరు ధీమాగా ఉండొద్దు. ఆ స్కూల్లో ఇప్పుడు పనిచేస్తున్న విదేశీ టీచరు ఎవరితోనైనా వీడియో కాల్‌లో మాట్లాడించమనండి. నిజమైన స్కూలు ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. టికెట్ చియాంగ్ మాయి విమానాశ్రయం దాకా ఉండాలి. 'బ్యాంకాక్‌లో దిగండి, మా కారు వస్తుంది' అంటే ఆ ఆఫర్ వదిలేయండి.

ఇక వీసా. మనవాళ్లు వీసా లేకుండానే థాయ్‌లాండ్ వెళ్లి వస్తున్నారు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. అలాంటి వెసులుబాటు ఉన్నా అది చూసి రావడానికి వెళ్లేవాళ్లకే. ఉద్యోగానికి నాన్ ఇమ్మిగ్రెంట్ 'బి' వీసా కావాలి. దానికి కావలసిన పత్రాలు స్కూలు పంపాలి. అక్కడికి వెళ్లాక వర్క్ పర్మిట్ రావాలి. అది రాకముందు క్లాసులో నిలబడటం చట్టవిరుద్ధమే, ఎన్ని స్కూళ్లు 'ఏం కాదు, రండి' అన్నా సరే. పట్టుబడితే అనుభవించేది టీచరే. పైగా అక్కడ పాఠం చెప్పడానికి ఖురుసభా అనే ఉపాధ్యాయ మండలి అనుమతి కూడా ఉండాలి. మీ అమ్మాయి బీఈడీ అక్కడ అక్కరకొస్తుంది. ఉత్త డిగ్రీయో, టెఫెల్ అనే ఇంగ్లిష్ బోధన సర్టిఫికెటో మాత్రమే చూపించుకునే వాళ్లకంటే ఆమె మెరుగైన స్థితిలో ఉన్నట్టే.

వీసా స్టాంపు పడ్డాక కూడా పని అయిపోదు. అద్దెకు దిగిన విదేశీయుడి వివరాలు ఇంటి ఓనరు 24 గంటల్లో ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. దాన్ని టీఎం 30 అంటారు. ఓనరు బద్ధకించి అది చేయకపోతే తర్వాత వీసా పొడిగింపుకు వెళ్లినప్పుడు కౌంటర్ దగ్గర మీ అమ్మాయే నిలబడిపోతుంది. అందుకే ఇల్లు చూసేటప్పుడు బాల్కనీ ఎలా ఉంది, మంచం ఎలా ఉంది అనేదానికంటే ముందు 'టీఎం 30 చేస్తారా?' అని అడగాలి. తప్పించుకుంటూ మాట్లాడే ఓనరు ఇల్లు ఎంత బాగున్నా వద్దు. ఆ తర్వాత, దేశం దాటకుండా 90 రోజులు ఉన్న ప్రతిసారీ తన చిరునామా ఇమ్మిగ్రేషన్‌కు తెలపాలి. గడువుకు 15 రోజుల ముందు నుంచి, దాటాక 7 రోజుల వరకు వీలుంటుంది. మరిచిపోతే 2,000 బాత్‌ల జరిమానా. మొదటిసారి ఆఫీసుకు వెళ్లాలి, తర్వాత ఆన్‌లైన్‌లో కుదురుతుంది. సోమవారాలు, వరుస సెలవుల మర్నాడు ఆ ఆఫీసు ముఖం చూడకపోవడం మంచిది.

మీరు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాల్సింది రీ ఎంట్రీ పర్మిట్. ఇంట్లో పెళ్లో, ఎవరికైనా ఒంట్లో బాగోకో అమ్మాయి హడావుడిగా బయల్దేరిందనుకోండి. ఈ పర్మిట్ లేకుండా దేశం దాటితే ఉన్న వీసా రద్దయిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. ఒకసారికి 1,000 బాత్‌లు, గడువులో ఎన్నిసార్లయినా వెళ్లి రావడానికి 3,800 బాత్‌లు. వీసా పొడిగించిన రోజే రెండోది తీసేసుకోమనండి. పరుగు మీద ఉన్నప్పుడు ఇది ఎవరికీ గుర్తు రాదు. అలాగే, ఉద్యోగం మానేసిన రోజుతోనే ఆ పొడిగింపు కూడా ముగుస్తుంది. ప్రిన్సిపాల్‌తో మాటామాటా వచ్చి కోపంలో రాజీనామా ఇచ్చేస్తే సామాను సర్దుకోవడానికి కూడా వ్యవధి ఉండదు. మానేయాలనుకుంటే కొత్త స్కూలు కాగితాలు సిద్ధం చేసుకున్నాకే చెప్పాలి.

డబ్బు సంగతి. బాత్ విలువ రెండున్నర నుంచి మూడు రూపాయల మధ్య ఆడుతూ ఉంటుంది కాబట్టి 38 వేలంటే దాదాపు లక్ష రూపాయలు. ఒక గది ఇల్లు ఆరు నుంచి పది వేల బాత్‌లలో దొరుకుతుంది. చేరేటప్పుడు రెండు నెలల డిపాజిట్, ఒక నెల అడ్వాన్సు అడుగుతారు. జీతం నెలాఖరుకు గాని రాదు. కనీసం 50 వేల బాత్‌లకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని వెళ్లాలి. కరెంటు దగ్గర చాలామంది మోసపోతారు. ప్రభుత్వ రేటు యూనిట్‌కు నాలుగు బాత్‌ల చుట్టుపక్కల ఉంటే కొన్ని అపార్టుమెంట్ల వాళ్లు ఏడెనిమిది వసూలు చేస్తారు. ఎండాకాలంలో ఏసీ లేకుండా అక్కడ నిద్ర పట్టదు కాబట్టి ఆ తేడా చిన్నదేం కాదు. ఒప్పందంలో యూనిట్ రేటు చూసే సంతకం పెట్టాలి. ఆదాయపు పన్ను ఈ జీతానికి పెద్ద భారం కాదు. మామూలు మినహాయింపులు పోను ఏడాదికి ఏడు వేల బాత్‌ల చుట్టుపక్కల పడుతుంది. జాగ్రత్తగా ఉంటే నెలకు 12 నుంచి 15 వేల బాత్‌లు మిగులుతాయి.

ఆ మిగులు కాగితం మీద లెక్కగానే ఉండిపోకుండా ఉండాలంటే ఒక మాట అడగాలి: జీతం ఏడాదికి 12 నెలలు ఇస్తారా, పదో పదకొండో ఇస్తారా? థాయ్ స్కూళ్లకు మే మధ్యలో కొత్త ఏడాది మొదలై మార్చిలో ముగుస్తుంది. వేసవి నెలల జీతం ఎగ్గొట్టే స్కూళ్లు ఉన్నాయి. రెండు నెలల జీతం పోతే ఏడాది మిగులులో దాదాపు సగం కరిగిపోతుంది. నన్నడిగితే పది నెలల ఒప్పందమైతే ఈ ఆఫర్‌కు వెళ్లనక్కరలేదు.

ఇప్పుడు తిండి. మీ అసలు బెంగ ఇదేనని అర్థమైంది. కూరగాయలతో వేయించిన అన్నం అడిగినా అందులో చేపల నుంచి తీసిన నామ్ ప్లా పడుతుంది, లేదంటే ఆయిస్టర్ సాస్ పడుతుంది. ఎర్ర కూర, పచ్చ కూర ముద్దల్లో రొయ్యల ముద్ద ఉంటుంది. వాళ్ల దృష్టిలో మాంసం ముక్క లేకపోతే అది శాకాహారమే. అందుకే 'వెజిటేరియన్' అనడం కాకుండా 'జే' అనడం నేర్చుకోవాలి. అది బౌద్ధ సంప్రదాయంలో వచ్చిన నియమం. మాంసం, చేప, గుడ్డు, పాలు, చివరికి ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. పసుపు పచ్చ జెండా మీద ఎర్ర అక్షరాలు కనబడితే అది జే హోటలు. చియాంగ్ మాయిలో వీటికి కొదవ లేదు. ప్లేటు అన్నం, రెండు కూరలు 40 నుంచి 60 బాత్‌లలో వస్తాయి. మామూలు హోటల్లో తినాల్సి వస్తే 'మై సై నామ్ ప్లా' అనాలి, అంటే చేప సాస్ వేయొద్దని. ఆడవాళ్లు చివర 'ఖా' చేర్చాలి. మొదటి వారంలో ఈ ఒక్క వాక్యం నోటికి వస్తే చాలు.

వంటకు మన కూరగాయలు చాలావరకు అక్కడి సంతలోనే దొరుకుతాయి: వంకాయ, మునక్కాయ, సొరకాయ, కాకర, పొడుగు చిక్కుడు, చింతపండు, కొబ్బరి. దొండ తీగ కనిపిస్తుంది గానీ వాళ్లు తినేది ఆకు. పెసరపప్పు సూపర్ మార్కెట్లోనే ఉంటుంది, ఎందుకంటే వాళ్లు దానితో తీపి పదార్థాలు చేస్తారు. కందిపప్పు, మినప్పప్పు, ఇంగువకు భారతీయ కొట్టుకు వెళ్లాలి. జాస్మిన్ బియ్యం మన సోనా మసూరిలా పొడిపొడిగా రాదు. నీళ్లు తగ్గించి పోస్తే పులిహోరకు పనికొస్తుంది. అసలు చిక్కు వేరే ఉంది. ఒక గది ఇళ్లలో చాలావాటికి వంటగది ఉండదు. అక్కడివాళ్లు బయట కొనుక్కుని తింటారు. ఇల్లు చూసేటప్పుడు బాల్కనీలో ఇండక్షన్ స్టవ్ పెట్టుకోనిస్తారా అని అడగాలి. కొళాయి నీళ్లు తాగరు. వీధిలో నీళ్ల మిషన్‌లో బాత్ నాణెం వేస్తే లీటరు చొప్పున వస్తాయి. ఖాళీ క్యాన్ తీసుకెళ్లాలి, అంతే.

పాల డబ్బా మీద తేదీ చూసి కంగారు పడకుండా ఒక సంగతి చెప్పి పంపండి. థాయ్‌లాండ్ బౌద్ధ శకం వాడుతుంది. మన 2026 అక్కడ 2569. డబ్బా మీద 15/03/69 అని ఉంటే అది 2026 మార్చి 15. అద్దె ఒప్పందం, బ్యాంకు కాగితాలు, ఆస్పత్రి చీటీ, అన్నిటా అదే లెక్క. 543 తీసేస్తే మన ఏడాది వచ్చేస్తుంది. లెక్కల టీచరుకు అదొక పనా!

కరెంటు బిల్లు, ఫోన్ రీచార్జి వీధి చివర సెవెన్ ఎలెవెన్‌లో కట్టేయవచ్చు. బ్యాంకు ఖాతా తెరిచాక ప్రాంప్ట్ పే క్యూఆర్ తోపుడు బండి దగ్గర కూడా చెల్లుతుంది, మన ఫోన్ పేలాగే. ఖాతా తెరవడానికి వర్క్ పర్మిట్ అడుగుతారు, కాబట్టి మొదటి జీతం నగదుగా ఇస్తారేమో స్కూలును కనుక్కోవాలి.

రాకపోకల దగ్గర నాకు కాస్త భయం ఉంది. చియాంగ్ మాయిలో మెట్రో లేదు. ఊళ్లో ఎర్ర సోంగ్‌తేవ్‌లు తిరుగుతాయి. మన షేర్ ఆటో పద్ధతే, 30 బాత్‌ల చుట్టుపక్కల తీసుకుంటారు. యాప్‌లో కారు కూడా వస్తుంది. అయినా నెల తిరక్కుండానే అందరూ స్కూటీ అద్దెకు తీసేసుకుంటారు. థాయ్‌లాండ్‌లో బండి ప్రమాదాలు చాలా ఎక్కువ. లైసెన్సు లేకుండా నడిపి పడితే ఇన్సూరెన్సు కంపెనీ పైసా ఇవ్వకపోవచ్చు. ఇక్కడ టూ వీలర్ లైసెన్సు ఉంటే ఆర్టీఏలో ఇంటర్నేషనల్ పర్మిట్ తీసుకుని వెళ్లాలి, వర్క్ పర్మిట్ వచ్చాక థాయ్ లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడ బండి నడపని అమ్మాయి అక్కడ కొత్తగా నేర్చుకోవద్దు. స్కూలుకు నడిచి వెళ్లే దూరంలో ఇల్లు తీసుకోమనండి, అద్దె వెయ్యి ఎక్కువైనా సరే.

ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా చుట్టుపక్కల కొండల్లో, పొలాల్లో మంటలు పెడతారు. ఊరంతా పొగ కమ్మేస్తుంది. అమ్మాయికి ఉబ్బసం లాంటిది ఉంటే ఈ ఊరు వద్దే వద్దు, దక్షిణాన వేరే ఊళ్లో చూసుకోవాలి. ఆరోగ్యంగా ఉంటే ఎన్95 మాస్కు, గదిలో గాలి శుద్ధి చేసే మిషన్, వేసవి సెలవుల్లో మీ దగ్గరికి రావడం, ఇవి సరిపోతాయి.

ఇక్కడి పనుల్లో ఒకటి తప్పక చేయించండి. బ్యాంకు ఓటీపీలన్నీ వచ్చేది ఇండియా సిమ్‌కే. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, వ్యాలిడిటీ అయిపోకుండా మీరు రీచార్జి చేస్తూ ఉండాలి. ఆ నంబరు పోతే అక్కడి నుంచి ఏ ఖాతా తెరుచుకోదు. ఉద్యోగానికి వెళ్లాక ఆమె సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండే భారతీయుల ఖాతాగా మార్చమని బ్యాంకుకు చెప్పాలి.

మరో రెండు జాగ్రత్తలు. వచ్చేటప్పుడు ఎవరి బ్యాగూ మోయవద్దు. బ్యాంకాక్ నుంచి వచ్చే విమానాల్లో గంజాయి పట్టుకోవడం శంషాబాద్‌లో తరచూ జరుగుతోంది. 'మా ఇంటికి చిన్న పార్సిల్' అన్న ప్రతి ఒక్కరికీ కుదరదని చెప్పాలి. అక్కడి రాజకుటుంబం గురించి సరదాకు కూడా ఏమీ రాయొద్దు, షేర్ చేయొద్దు. ఆ చట్టం కింద మూడు నుంచి 15 ఏళ్ల దాకా జైలు పడవచ్చు. ఉదయం ఎనిమిదికి జాతీయ గీతం వినబడితే అందరితో పాటు ఆగి నిలబడితే చాలు.

ఈ వారంలో అమ్మాయి చేత స్కూలుకు ఒక మెయిల్ పెట్టించండి. జీతం ఎన్ని నెలలకు? వీసా, వర్క్ పర్మిట్, ఖురుసభా ఫీజులు ఎవరు కడతారు? ఇమ్మిగ్రేషన్‌కు వెళ్లేటప్పుడు థాయ్ మాట్లాడే మనిషిని తోడు పంపుతారా? హెల్త్ ఇన్సూరెన్సు ఏ ఆస్పత్రిలో చెల్లుతుంది? ఇల్లు దొరికేదాకా మొదటి వారం ఎక్కడ ఉంచుతారు? ఈలోగా పాస్‌పోర్టు గడువు చూసుకుని, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేయించండి, అది ఎలాగూ అడుగుతారు. స్కూలు జవాబు వచ్చాక ఒప్పందం కాపీతో కలిపి నాకు పంపితే చూసి చెబుతాను.