ఉత్తీర్ణత శాతం ఒక్కటే విభాగానికి కొలమానమా?

ప్రశ్న: నేను ఒక విశ్వవిద్యాలయ విభాగంలో అర్థశాస్త్రం బోధిస్తున్నాను. మా ఎం.ఏ. కోర్సును మదింపు చేసి నివేదిక ఇవ్వమని అడిగారు. గత ఐదేళ్ల ఉత్తీర్ణత శాతాలు, సెమినార్ల ఫోటోలు జతచేస్తే సరిపోతుందని పెద్దలు అంటున్నారు. నాకు తృప్తిగా లేదు. నిజమైన మదింపు ఎలా చేయాలి? ఉన్నత విద్య నాణ్యతను పరిశీలించే జాతీయ సంస్థలైన నాక్, ఎన్‌బీఏల కొలతలు మాకు వర్తిస్తాయా?
— ఒక అధ్యాపకురాలు, హనుమకొండ

సమాధానం: ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఈ రెండు వ్యవస్థలూ 1994లోనే ఏర్పడినా వాటి పని వేరు. నాక్ మొత్తం విద్యాసంస్థను చూసి మదింపు చేస్తుంది. ఎన్‌బీఏ ఇంజనీరింగ్, ఫార్మసీ, మేనేజ్‌మెంట్ వంటి వృత్తివిద్యా కోర్సులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తుంది. అందుకే ఒకే కళాశాలలో ఒక బ్రాంచికి ఎన్‌బీఏ గుర్తింపు ఉండి, పక్క బ్రాంచికి లేకపోవచ్చు. అలాగే విశ్వవిద్యాలయానికి నాక్ గుర్తింపు వచ్చినంత మాత్రాన మీ విభాగంలో చదువు బాగా సాగుతోందని చెప్పలేము. ఎం.ఏ. అర్థశాస్త్రం ఎన్‌బీఏ పరిధిలోకి రాదు. అయితే విద్యార్థి కోర్సు ముగిసేసరికి ఏమి చేయగలగాలో ముందే రాసుకుని, అది సాధించాడో లేదో సాక్ష్యంతో చూపాలన్న దాని పద్ధతిని మీరు స్వీకరించడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

మన వాడుకలో ‘ఫలితాలు’ అనగానే పరీక్షా ఫలితాలే గుర్తుకు వస్తాయి. మదింపు అంతా పాస్ శాతం దగ్గరే ఆగిపోవడానికి ఇది కూడా ఒక కారణమని నేను నమ్ముతాను. ఉత్తీర్ణత శాతం ఎంతమంది గట్టెక్కారో చెబుతుంది కానీ, వారికి ఏమి వచ్చిందో, ఏమి రాలేదో చెప్పదు.

కాబట్టి మీ కోర్సు లక్ష్యాలను ఒక కాగితం మీద పట్టికగా రాసి, పక్కన గత మూడేళ్ల ప్రశ్నపత్రాలు పెట్టుకుని, ఏ ప్రశ్న ఏ లక్ష్యాన్ని పరీక్షిస్తోందో ఒక్కొక్కటిగా గుర్తించండి. ‘క్షేత్రస్థాయిలో గణాంకాలు సేకరించి విశ్లేషించగలగాలి’ అన్న లక్ష్యం అర్థశాస్త్రం కోర్సుల్లో సాధారణంగా ఉంటుంది. ప్రశ్నపత్రాలన్నీ ‘నిర్వచింపుము’, ‘వివరింపుము’ అని మాత్రమే అడుగుతూ ఉంటే ఆ లక్ష్యాన్ని ఎవరూ పరీక్షించలేదన్నమాట. పరీక్షించని లక్ష్యానికి నివేదికలో ‘సాధించాము’ అని రాయడం విద్యార్థికి చేసే అన్యాయం. దయచేసి పట్టికలో ఆ లక్ష్యం ఎదుటి గడిని ఖాళీగానే వదలండి. నా దృష్టిలో మదింపులో అన్నిటికన్నా విలువైన సమాచారం ఆ ఖాళీలోనే ఉంటుంది.

పరీక్షించిన లక్ష్యాలకు లెక్క సులభం. ఉదాహరణకు, తరగతిలో 30 మంది ఉన్నారనుకోండి. ఒక లక్ష్యాన్ని పరీక్షించే పది మార్కుల ప్రశ్నలో ఆరు, అంతకు మించి తెచ్చుకున్నవారు 18 మంది అయితే ఆ లక్ష్యం 60 శాతం మందికి అందింది. ఎంత శాతాన్ని గురిగా పెట్టుకోవాలో సెమిస్టరు మొదలవకముందే విభాగ సమావేశంలో నిర్ణయించి మినిట్స్‌లో రాయండి. ఫలితాలు వచ్చాక గురిని కిందికి దించితే లెక్కకు విలువ ఉండదు.

విద్యార్థుల అభిప్రాయ పత్రాలు అవసరమే కానీ, వాటిని ఉపాధ్యాయులపై తీర్పుగా వాడకండి. ములుగు, భూపాలపల్లి వైపు నుంచి రోజూ బస్సులో వచ్చేవారు, డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివినవారు ఏ పేపరు దగ్గర తడబడుతున్నారో విడిగా చూడండి. మధ్యలో మానేసినవారికి ఫోన్ చేసి కారణం అడగండి. వారు ఉత్తీర్ణత శాతంలో ఎక్కడా కనిపించరు.

ఇక ఆ ఖాళీ గడి సంగతి. ఒక్క ఏడాదిలో అన్నీ సరిదిద్దాలని చూడకుండా, ఒకే మార్పు చేసి మరుసటి ఏడాది అదే కొలతతో చూడండి. మీకు వరంగల్‌లోని ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ దగ్గరలోనే ఉంది. మార్కెట్‌కు వచ్చే మిర్చి పరిమాణాన్ని, ధరలను విద్యార్థులు కొన్ని వారాలు నమోదు చేసి, ధర ఎందుకు మారిందో రైతులతో, అడ్తిదారులతో మాట్లాడి నివేదిక రాస్తే, దానికి అంతర్గత మూల్యాంకనంలో మార్కులు కేటాయించవచ్చు. మార్కులు ఎలా వేస్తారో ముందే వారికి తెలియజేయండి; వేసిన తరువాత కొన్ని నివేదికలను మరో అధ్యాపకుడి చేత కూడా దిద్దించండి. మిర్చి జోరుగా వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ వరకు కనుక, ఈ పనిని రెండో సెమిస్టరులో పెట్టుకోవడం మేలు.