తిరగండి, కానీ థార్ ఇప్పుడే వద్దు

ప్రశ్న (పొడవైన ఉత్తరాన్ని కుదించాం): మాది అనంతపురం. నేను ప్రభుత్వ బడిలో టీచర్ని, మా ఆయన పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల కంపెనీలో పనిచేస్తారు. ఇద్దరికీ కలిపి నెలకు 1,18,000 చేతికొస్తుంది. మాతో మా అత్తగారు, ఆరేళ్ల పాప ఉంటారు. ఇద్దరికీ కార్లంటే పిచ్చి. ఐ20 ఉంది, దాని ఈఎంఐ 14,200, ఇంకా 26 నెలలు కట్టాలి. మామగారు వాడిన 1998 మారుతి 800ని కూడా మెల్లమెల్లగా బాగుచేసుకుంటున్నాం. నెలకు రెండు ఆదివారాలు బెలుం, గండికోట, లేపాక్షి అని తిరుగుతాం. ఇప్పుడు మూడు తలుపుల మహీంద్రా థార్ కొనాలనుకుంటున్నాం, ఆన్‌రోడ్ 16 లక్షలు అన్నారు. ఎఫ్‌డీలో ఉన్న 4,20,000లో 4 లక్షలు కట్టి మిగతాది ఏడేళ్ల లోన్ తీసుకుందామని ఆలోచన. వారం మధ్యలో సెల్ఫ్ డ్రైవ్‌కి ఇస్తే సగం ఈఎంఐ అదే వస్తుందని మా మరిది అంటున్నాడు. బంధువులేమో, ఈ తిరుగుళ్లు మానేస్తే ఈపాటికి రెండు సెంట్ల స్థలం కొనేవాళ్లు అంటారు. ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు బంధువుల సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మీ ఉత్తరంలో ఎక్కువ బాధ అక్కడే కనిపిస్తోంది. మీరు రాసిన లెక్క ప్రకారం తిరుగుళ్లకు నెలకు 8,000, అంటే ఏడాదికి 96,000. తాడిపత్రి మీదుగా బెలుం గుహలు, అక్కణ్నుంచి గండికోట చూసుకుని రాత్రికి ఇల్లు చేరితే సుమారు 280 కిలోమీటర్లు, లీటరుకు పదిహేను వచ్చినా పెట్రోలు రెండు వేల పైచిలుకు, దారిలో ఉగ్గాని బజ్జీ, మధ్యాహ్నం భోజనం, పాపకు ఐస్‌క్రీమ్. ఇంతే కదా! 1,18,000 సంపాదించే ఇంట్లో ఇది ఆరేడు శాతం. కొందరు ఇంతే డబ్బు నెలనెలా బెంగళూరు మాల్‌లో వదిలేసి వస్తారు, వాళ్లనెవరూ ఏమీ అనరు. ఈ 96,000 గురించి నిద్ర పాడుచేసుకోకండి.

ఇప్పుడు దీని పక్కన థార్‌ని పెట్టండి. 12 లక్షల అప్పు, వడ్డీ 9.5 శాతం అనుకుందాం, ఏడేళ్లు. ఈఎంఐ 19,613 వస్తుంది. మొదటి పన్నెండు నెలల్లో కట్టే సుమారు 2,35,000లో వడ్డీకే 1,08,000 పోతుంది. అంటే మీరు ఏడాది పొడవునా రాయలసీమ అంతా చుట్టబెట్టినదానికంటే ఎక్కువ, ఆ బండి ఇంటి ముందు నిలబడినా సరే. ఏడేళ్లకు మొత్తం వడ్డీ 4,47,000 దాటుతుంది. అదే అప్పును ఐదేళ్లలో తీరిస్తే ఈఎంఐ 25,202, వడ్డీ 3,12,000. లక్షా ముప్పై అయిదు వేలు తేడా! షోరూంలో ఈఎంఐ తక్కువని ఏడేళ్లు చూపిస్తారు, మనం కూడా ఆ ఒక్క అంకె చూసే ఊ కొడతాం.

కారు తిరిగినప్పుడు అయ్యే ఖర్చు మన కంటికి కనిపిస్తుంది, బంకులో చేత్తో ఇస్తాం కాబట్టి. నిలబడినప్పుడు అయ్యే ఖర్చు, అంటే వడ్డీ, ఇన్సూరెన్స్, ధర తరుగుదల, కనిపించదు. మీ బంధువులు మొదటిదాన్ని తిడుతున్నారు, మీరు రెండోదాన్ని పెంచబోతున్నారు. మూడు కార్లున్నా ఆదివారం నాడు బయటికి పోయేది ఒక్కటే కదా, మిగతా రెండూ ఇంటి ముందు ఎండలో ఉంటాయి. అందులోనూ అనంతపురం ఎండ.

ఇక ఎఫ్‌డీ. నాకు నిజంగా భయం వేసింది ఇక్కడే. అద్దె 13,000, ఇంటి ఖర్చు అత్తగారి మందులతో కలిపి 30,000, పాప స్కూలు 6,000, ఐ20 ఈఎంఐ 14,200, ఇవి తప్పనిసరిగా కట్టాల్సినవి, మొత్తం 63,200. మీ దగ్గరున్న 4,20,000 అంటే ఆరున్నర నెలలు ఏ ఆదాయమూ లేకపోయినా ఇల్లు నడుస్తుంది. మీ ఆయనది ప్రైవేటు ఉద్యోగం, ఆర్డర్లు తగ్గితే షిఫ్టులు తగ్గించడం ఆ కంపెనీల్లో కొత్తేమీ కాదు, కాబట్టి ఈ నిల్వ సరిగ్గా ఉండాల్సినంతే ఉంది. దాన్నుంచి 4 లక్షలు తీస్తే మిగిలేది 20,000, నెలకు తప్పనిసరి ఖర్చు 82,800కి పెరుగుతుంది. అంటే ఆరున్నర నెలల ధైర్యం కాస్తా వారం రోజులకు వస్తుంది. ఈ ఒక్క కారణం చాలు, నేను వద్దనడానికి.

మీ మరిది చెప్పిన ఉపాయం గురించి రెండు ముక్కలు. తెల్ల నంబర్ ప్లేటు బండిని అద్దెకు ఇవ్వడం చట్టానికి విరుద్ధం. సెల్ఫ్ డ్రైవ్ బండ్లకు నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఎందుకుంటాయనుకున్నారు, వాటికి పర్మిట్ వేరు, పన్ను వేరు, ఇన్సూరెన్స్ వేరు. సొంత వాడకానికని పాలసీ తీసుకుని అద్దెకిచ్చిన బండికి యాక్సిడెంట్ అయితే కంపెనీ క్లెయిమ్ తిరస్కరించవచ్చు, ఎదుటివాళ్ల నష్టం చివరికి మీ తలకు చుట్టుకోవచ్చు. టీచర్ ఉద్యోగంలో ఉండి కోర్టు చుట్టూ తిరగడం అవసరమా చెప్పండి. మరిదికి కోపం వచ్చినా సరే, ఈ మాట ఇక్కడితో వదిలేయండి.

సరే, మరి నెలాఖరుకు ఏమీ మిగలడం లేదని రాశారు కదా, అది చూద్దాం. తప్పనిసరి 63,200కి తిరుగుళ్లు 8,000, మారుతి 800 మీద సగటున 5,000, పాప పేరు మీద సిప్ (నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసేది) 10,000 కలిపితే 86,200. మీకు వచ్చేది 1,18,000. మధ్యలో 31,800 ఎక్కడికి పోతోందమ్మా? ఉత్తరం చివర్లో మీరే రాశారు, క్రెడిట్ కార్డు మీద మూడు నో కాస్ట్ (అంటే వడ్డీ లేదని చెప్పే) ఈఎంఐలు నడుస్తున్నాయని, డాష్‌క్యామ్, స్పీకర్లు, సిరామిక్ కోటింగ్ అని. చాలామటుకు దొంగ దొరికినట్టే. నో కాస్ట్ అంటారు గానీ ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది, వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, ఒకేసారి కడితే దొరికే డిస్కౌంట్ చాలాసార్లు పోతుంది. కార్ల మీద ఇష్టం ఉన్నవాళ్లకు పెద్ద ఖర్చు కారు కంటే కారుకు తగిలించే సామానే అవుతోంది ఈ మధ్య. గత ఆరు నెలల కార్డు స్టేట్‌మెంట్లు తీసి, ఇద్దరూ కూర్చుని, కారుకు సంబంధించిన ప్రతి లైనూ పెన్నుతో గుర్తుపెట్టండి. ఒకరి మీద ఒకరు నెట్టుకోకుండా చేయగలిగితే మంచిది, నాకైతే అనుమానమే.

థార్ అసలు వద్దని నేను అనడం లేదు. మూడో కారుగా వద్దు, ఐ20 స్థానంలో అయితే సరే, అదీ మూడేళ్ల తర్వాత. ఎలాగంటే, కార్డు మీదున్న ఆ మూడు ఈఎంఐలూ అయిపోయేదాకా కొత్తది ఏదీ తీసుకోకండి. ఈ నెల నుంచే 10,000 ఆర్‌డీ (బ్యాంకులో నెలనెలా వేసే డిపాజిట్) మొదలుపెట్టండి, దానికి కారు డబ్బు అని పేరు పెట్టుకోండి. 26 నెలలకు 2,60,000. అప్పటికి ఐ20 అప్పు తీరుతుంది, ఆ 14,200 చేతికి మిగిలిందని సంబరపడకుండా దాన్నీ ఇందులోకే మళ్లించి నెలకు 24,200 చొప్పున ఇంకో ఏడాది వేస్తే మొత్తం ఐదున్నర లక్షలు, పైన వడ్డీ. ఐ20 అమ్మితే ఎంతొస్తుందో దాని కండిషన్‌ని బట్టి ఉంటుంది, 4 లక్షలు వచ్చినా మీ దగ్గర తొమ్మిదిన్నర లక్షలు ఉంటాయి. అప్పుడు 6 లక్షల చిల్లర అప్పు సరిపోతుంది, నాలుగేళ్లకు 6 లక్షల మీద ఈఎంఐ 15,000 దరిదాపుల్లో వస్తుంది, అంటే ఇప్పుడు కడుతున్నదానికి అటూఇటూగా. ఎఫ్‌డీ ముట్టుకోలేదు, పాప సిప్ ముట్టుకోలేదు. ఈ కారు డబ్బును మాత్రం షేర్ మార్కెట్‌లో పెట్టకండి, మూడేళ్లలో వాడుకునే డబ్బుకు అది చోటు కాదు.

ఈ మూడేళ్లలో ఇంకో పని కూడా చేయండి. అత్తగారిని ఒకసారి టెస్ట్ డ్రైవ్‌కు తీసుకెళ్లండి. మూడు తలుపుల థార్‌లో వెనక సీటులోకి పోవాలంటే ముందు సీటు వంచి, ఎత్తెక్కి, దూరి వెళ్లాలి. ఉన్నది నాలుగు సీట్లు, మీరూ నలుగురే, మరి వెనక కూర్చునేది ఎవరు? ఆమె మోకాళ్ల నొప్పుల గురించి రాశారు కాబట్టి అడుగుతున్నా. ఇంకో సంగతి, 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ శ్లాబులు మారాక నాలుగు మీటర్ల లోపు పొడవుండి 1500 సీసీ లోపు డీజిల్ ఇంజిన్ ఉన్న బండికి 18 శాతం, అంతకంటే పెద్ద ఇంజిన్‌కు 40 శాతం. థార్‌లో 1.5 లీటర్ డీజిల్‌కూ, 2.2 డీజిల్‌కూ మధ్య పన్నులోనే ఇంత తేడా ఉంది. చిన్న ఇంజిన్‌కు ఫోర్ వీల్ డ్రైవ్ రాదు. గండికోట దాకా తారు రోడ్డే కదా, మీరు ఇప్పటిదాకా ఐ20లోనే వెళ్లొస్తున్నారు మరి.

ఇన్సూరెన్స్ విషయంలో మీరు అడగకపోయినా చెప్పాలి. ఇద్దరూ మార్చి మార్చి నడుపుతామని రాశారు, ఆర్‌సీ మీ ఆయన పేరు మీద ఉంది. కారు పాలసీతో వచ్చే 15 లక్షల ప్రమాద బీమా ఆర్‌సీలో పేరున్న యజమానికే వర్తిస్తుంది. మీరు నడుపుతుండగా ఏదైనా జరిగితే మీకు అది రాదు. పక్కన, వెనక కూర్చున్నవాళ్లకు వర్తించేలా విడిగా కొద్దిపాటి ప్రీమియంతో కవర్ చేర్చుకోవచ్చు, మీకు మాత్రం సొంతంగా ఒక ప్రమాద బీమా పాలసీ తీసుకోండి. దానికంటే ముఖ్యం, మీ ఆయనకు టర్మ్ పాలసీ (మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా) అసలు లేదు. 31,800లో మొదటి వాటా దానికి. వ్యక్తిగత జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ కూడా అదే 2025 సెప్టెంబర్ 22 నుంచి తీసేశారు, కాబట్టి ఖరీదని వాయిదా వేయడానికి ఒక సాకు తగ్గింది. మీ ఈహెచ్‌ఎస్‌లో (ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) మీ ఆయన పేరు ఉందో లేదో కూడా చూసుకోండి, కంపెనీ ఇచ్చే ఆరోగ్య బీమా ఉద్యోగంతోపాటే పోతుంది.

ఐ20 అమ్మే రోజున నో క్లెయిమ్ బోనస్ సర్టిఫికెట్ తీసుకోవడం మరిచిపోకండి. ఆ బోనస్ కారుది కాదు, యజమానిది. వరుసగా ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే సొంత డ్యామేజీ ప్రీమియంలో 50 శాతం తగ్గుతుంది, దాన్ని మీ ఆయన పేరు మీదే కొనే కొత్త బండికి మార్చుకోవచ్చు, సర్టిఫికెట్ మూడేళ్లు చెల్లుతుంది. అందుకే బంపర్ గీతకు, చిన్న సొట్టకు క్లెయిమ్ పెట్టకండి. టోల్ గురించి కూడా ఒక మాట. లేపాక్షి, బెంగళూరు వైపు వెళ్తే మరూరు ప్లాజా, కర్నూలు వైపు వెళ్తే కాశేపల్లి తగులుతాయి. 2025 ఆగస్టు 15న 3,000తో మొదలైన ఫాస్టాగ్ వార్షిక పాస్ 200 ట్రిప్పులకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అంతవరకు, అదీ జాతీయ రహదారుల మీదే. మీ ఏడాది ఫాస్టాగ్ స్టేట్‌మెంట్‌లో జాతీయ రహదారుల టోల్ పాస్ ధర దాటిందేమో చూసుకోండి, దాటకపోతే పాస్ అక్కర్లేదు.

మారుతి 800 మాత్రం ఉంచండి. అమ్మితే వచ్చేది ఎంత, ఇద్దరూ శనివారం సాయంత్రం గుత్తి రోడ్డు షెడ్డులో గడిపే రెండు గంటలకు అంత ధర కట్టలేం. కాకపోతే కొన్ని హద్దులు పెట్టుకోండి. నెలకు 5,000 దాటకూడదు, మిగిలితే తర్వాతి నెలకు పోగు చేయండి. ఇంజిన్ మార్చడం, బాడీ కోయడం వంటివి వద్దు, కంపెనీ ఇచ్చిన స్వరూపానికి భిన్నంగా మార్పులు చేయకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది, ఇన్సూరెన్స్ వాళ్లకూ అది మంచి సాకు. ఆ వయసు బండికి ఫుల్ ఇన్సూరెన్స్ కట్టక్కర్లేదు, థర్డ్ పార్టీ (ఎదుటివాళ్ల నష్టానికి కట్టే బీమా) చాలు, వెయ్యి సీసీ లోపు కార్లకు 2022 జూన్ నుంచి అమలైన రేటు 2,094. పాత కార్బ్యురేటర్ బండి కాబట్టి ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు రబ్బరు పైపులు, గాస్కెట్లు ఎలా ఉన్నాయో మెకానిక్‌తో ఒకసారి చూపించండి, పెయింట్ తర్వాత వేయించవచ్చు. ఆర్‌సీ గడువు 2028లో అయిపోతుందని రాశారు. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు రెన్యువల్ ఫీజును 2025లో 10,000 చేశారు, ఆపైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్ ఖర్చులు ఉంటాయి. నెలనెలా ఆ 5,000లోంచే ఐదు వందలు దీనికోసం పక్కన పెడుతూ రండి.