స్కైరిమ్‌ని డీ అండ్ డీ టేబుల్ మీదికి తేవాలంటే ముందు దాని లెక్కల్ని పక్కన పెట్టండి

ప్రశ్న: స్కైరిమ్ గేమ్‌ని నలుగురు ఫ్రెండ్స్‌తో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ, టేబుల్ చుట్టూ కూర్చుని డైస్ వేస్తూ కథ ఆడే ఆట) ఐదో ఎడిషన్‌లో క్యాంపెయిన్‌గా నడపాలనుకుంటున్నాను. స్కిల్స్, పెర్కులు (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు సామర్థ్యాలు), షౌట్లు (డ్రాగన్ భాషలో అరిచే మంత్రపు మాటలు) ఎలా మార్చుకోవాలి?

మార్చకండి. కనీసం మొదటి నెల మార్చకండి.

అందరూ మీరడిగిన వరుసలోనే మొదలుపెడతారు. స్కైరిమ్‌లో 18 స్కిల్స్, ఐదో ఎడిషన్‌లోనూ 18 స్కిల్స్. ఆ అంకె చూడగానే ఎక్సెల్ షీట్ తెరిచి జతలు కట్టేస్తారు. కూర్చుని చూస్తే నిజంగా కుదిరే జతలు మూడో నాలుగో: అడుగు చప్పుడు లేకుండా నడవడం, జేబు కొట్టడం, మాటలతో ఒప్పించడం. కమ్మరం, మందుల తయారీ, వస్తువులకి మంత్రం ఎక్కించడం ఐదో ఎడిషన్‌లో స్కిల్స్ కానే కావు. కత్తి, విల్లు, డాలు పట్టడం క్లాసుతో, అంటే పాత్ర వృత్తితో పాటు వచ్చేస్తుంది. పెర్కుల సంగతి ఇంకా అన్యాయం. అవి ఒక్క మనిషి, ఒంటరిగా, వందల గంటలు ఆడటానికి కట్టిన మెట్లు. నలుగురు కూర్చుని వారానికి మూడు గంటలు ఆడే చోట అవి ఎందుకూ పనికిరావు. ఫైటర్, రోగ్, విజార్డ్, క్లెరిక్ ఇచ్చేయండి. నార్డ్ అనో ఖజీత్ అనో స్కైరిమ్ జాతి పేరు షీట్ మీద రాసుకోనివ్వండి. చాలు.

టేబుల్ మీదికి నిజంగా తేవలసింది ఒక చోటు, అక్కడున్న మనుషులు, వాళ్ల గొడవ. స్కైరిమ్‌లో ఇది రెడీమేడ్‌గా ఉంది: రివర్‌వుడ్ ఊరు, కొట్లోంచి పోయిన బంగారు గోరు (డ్రాగన్ పంజా ఆకారంలో ఉండే వస్తువు), కొండ మీద బ్లీక్ ఫాల్స్ బ్యారో. గేమ్‌లో అరగంటలో దాటేసే ఆ సమాధి టేబుల్ మీద హాయిగా రెండు సెషన్లు వస్తుంది. ప్రపంచం అంతా పక్కన పెట్టి అదొక్కటే తయారు చేసుకోండి.

లెక్క ఇలా చూసుకోండి, ఇవి 2014 నాటి నియమాల అంకెలు. లెవెల్ 1 వాళ్లు నలుగురుంటే 200 ఎక్స్‌పీ (శత్రువుని ఓడిస్తే వచ్చే అనుభవ పాయింట్లు) పోరాటం మీడియం, 300 కష్టం, 400 ప్రాణాంతకం. డ్రాగర్‌కి, అంటే సమాధిలో లేచే శవానికి, ఐదో ఎడిషన్‌లోని అస్థిపంజరం స్టాట్లు వాడుకోండి: ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలాలంటే రావలసిన అంకె) 13, హిట్ పాయింట్లు (ప్రాణం) 13. సుత్తి దెబ్బకి రెట్టింపు నష్టం అన్న బలహీనత తీసేసి, చలి దెబ్బ సగమే తగిలేలా పెట్టండి. ఒక్కోటి 50 ఎక్స్‌పీ. నాలుగు ఒకేసారి లేస్తే 200 అనుకుంటారు, కాదు. మూడు నుంచి ఆరు శత్రువులుంటే లెక్కని రెండుతో హెచ్చించాలి, అంటే 400. గేమ్‌లో డ్రాగర్లు ఒకటీ రెండూగా లేవడం చూశారు కదా, ఇక్కడా అలాగే లేపండి. గోడ గూళ్లలో ఇరవై శవాలున్నాయని చెప్పగానే మీ వాళ్లు నడక ఆపి ఒక్కో శవాన్నీ పొడవడం మొదలెడతారు. గేమ్‌లో బద్ధకించి వదిలేసేవాళ్లు కూడా ఇక్కడ వదలరు. అప్పుడు ప్రతి మూడు శవాలకీ ఒక ఆరు ముఖాల డైస్ వేయండి, 1 పడితే పక్క గూట్లోది లేస్తుంది. రెండుసార్లు లేచాక వాళ్లే మానేస్తారు. నేల మీద పారిన నూనెని మాత్రం గేమ్‌లో ఉన్నట్టే ఉంచండి. ఐదు అడుగుల గడిలో నూనె అంటుకుంటే రెండు రౌండ్లు మండుతుంది, అందులో అడుగుపెట్టినవాడికి 5 పాయింట్లు పోతాయి. 13 పాయింట్ల డ్రాగర్‌కి అది పెద్ద దెబ్బే.

అసలు కథ సాలీడు గదిలో ఉంది. గోరు దొంగిలించిన ఆర్వెల్ అక్కడ సాలెగూట్లో చిక్కుకుని అరుస్తుంటాడు. గేమ్‌లో సాలీడుని చంపుతారు, గూడు కోస్తారు, అతను పారిపోతాడు, వెనక నుంచి కొడతారు. అంతే. టేబుల్ మీద ఆ గది ఒక్కటే గంటన్నర తింటుంది, దానికి సిద్ధపడాలి.

ముందు సాలీడు. ఐదో ఎడిషన్ జెయింట్ స్పైడర్ ఒక్కటీ 200 ఎక్స్‌పీ, కాగితం మీద మీడియం. కానీ దాని కాటు సగటున 7, పైన విషం మరో 9. లెవెల్ 1 విజార్డ్ దగ్గర ఉండేది 7 లేదా 8 పాయింట్లు. ఒక్క కాటుకి ఫైటర్ కూడా పడిపోవచ్చు. విషంతో పడినవాడు చావడు గానీ గంటసేపు కదలలేడు, ఆ ఆటగాడు అప్పటిదాకా ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. గేమ్‌లో కూడా అది గాయపడ్డ సాలీడే కాబట్టి 26 పాయింట్లని 18 చేయండి, విషాన్ని రెండు డైస్ నుంచి ఒకటికి తగ్గించండి. గేమ్ ఆడినవాళ్లు వెనక్కి ఇరుకు దారిలోకి వెళ్లి నిలబడి బాణాలు వేద్దామంటారు, ఎందుకంటే గేమ్‌లో అది ఆ ద్వారంలో పట్టదు. ఇక్కడ పడుతుంది. పెద్ద జంతువు ఐదు అడుగుల సందులో ఇరుక్కుని రాగలదు, కాకపోతే దాని దెబ్బలకి డిసడ్వాంటేజ్ (రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవడం), దాని మీద దెబ్బలకి అడ్వాంటేజ్ (ఎక్కువది తీసుకోవడం). ఈ సంగతి పోరాటానికి ముందే చెప్పేయండి, తర్వాత చెబితే తగాదా.

ఇక ఆర్వెల్. గేమ్‌లో అతను "ముందు నన్ను దించు, తర్వాత గోరు ఇస్తా" అంటే మనకి వేరే దారి లేదు. టేబుల్ మీద రోగ్ వెళ్లి నడుముకున్న సంచి కోసేస్తాడు. విజార్డ్ మేజ్ హ్యాండ్ అనే మంత్రపు చేత్తో గోరు లాగేస్తాడు. క్లెరిక్ "ప్రమాణం చెయ్యి" అంటాడు. ఒకడు తాడు తీసి కట్టేద్దామంటాడు. అందుకని అతనికి డైలాగులు రాసుకోవద్దు, మూడు విషయాలు రాసుకోండి. అతనికేం కావాలి: నిధి మొత్తం తనకే. ఏం తెలుసు: గోరు ఒక తలుపుకి తాళంచెవి అని. ఏం అబద్ధమాడతాడు: లోపల ఏమీ లేదని, తన ముఠా బయట కాచుకుని ఉందని. గోరు మాత్రం లాక్కుని అతన్ని గూట్లోనే వదిలేస్తే గొంతు చించుకుని అరుస్తాడు, పక్క గదిలో రెండు డ్రాగర్లు లేస్తాయి. దించి కట్టేస్తే వెంట నడుస్తాడు, మొదటి ఉచ్చు దగ్గర ఎవరినో ఒకరిని తోస్తాడు. ఒప్పందం కుదిర్చి వాటా ఇస్తామంటే నిజంగానే సాయం చేస్తాడు, ఆ రోజుకి. గేమ్ రాసినవాళ్లు చంపేసిన దొంగ మీ టేబుల్ దగ్గర పది సెషన్లు బతకొచ్చు. నా దృష్టిలో వీడియో గేమ్‌ని టేబుల్ మీదికి తేవడమంటే ఈ గదే. స్టాట్లు ఎవరైనా రాస్తారు.

సేవ్ బటన్ లేదని గుర్తుంచుకోండి. డీ అండ్ డీ నియమాలతో నడిచే వీడియో గేమ్ బాల్డర్స్ గేట్ 3 ఆడి వచ్చినవాళ్లకి ఇది మరీ గట్టిగా చెప్పాలి. వాళ్లకి డైస్ అలవాటే, కానీ రోల్ పోతే వెనక్కి వెళ్లి మళ్లీ వేయడమూ అలవాటే. అందుకే ఒక్క రోల్ మీద కథ ఆగిపోయేలా ఏదీ పెట్టకండి.

గోరు తలుపుకి మూడు రింగులు. గేమ్‌లో జవాబు గోరు అరచేతి మీదే చెక్కి ఉంటుంది: ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ. మీ వాళ్లలో ఇద్దరికైనా ఇది కంఠతా వచ్చి ఉంటుంది, కాబట్టి వరుస మార్చేయండి. అట్ట మీద 20, 14, 8 సెంటీమీటర్ల వ్యాసంతో మూడు గుండ్రాలు కోసి, మధ్యలో ఒక స్ప్లిట్ పిన్ను గుచ్చితే తలుపు తయారు. గోరుని కాగితం మీద గీసి వెనక వైపు బొమ్మలు పెట్టండి. కాగితం చేతికిచ్చి నోరు మూసుకోండి. తిప్పి చూడటానికి కొంచెం టైమ్ పడుతుంది, మీరు ఆగలేక చెప్పేస్తే అట్ట దండగ.

తలుపు తెరిచేలోపు అందరినీ లెవెల్ 2 చేయండి. లోపల పెద్ద డ్రాగర్‌కి వైట్ (wight, ఐదో ఎడిషన్‌లోని ఒక లేచిన శవం) స్టాట్లు వాడతారు, అది 700 ఎక్స్‌పీ. లెవెల్ 1కి చావే, లెవెల్ 2కి కష్టం. దాని లైఫ్ డ్రెయిన్ (ప్రాణం పీల్చే దెబ్బ) తీసేసి ఆ స్థానంలో "ఫుస్" అనే షౌట్ మాట పెట్టండి: స్ట్రెంత్ సేవ్ (బలంతో తట్టుకునే రోల్) 13, పోతే పది అడుగులు వెనక్కి. వెనక గోడ మీద అదే మాట చెక్కి ఉంటుంది కదా, ముందు దెబ్బ తిని తర్వాత నేర్చుకుంటారు. డ్రాగన్‌స్టోన్ (కథ కోసం వెతికి తేవలసిన రాతి పలక) గేమ్‌లో లాగే ఆ శవం మీదే.

మధ్యలో ఒక మాట. ఎనభై పేజీల చరిత్ర పీడీఎఫ్ గ్రూపులో పడేసి "చదువుకుని రండి" అనే డీఎంలు (ఆట నడిపేవాళ్లు) దయచేసి మానండి, ఎవరూ చదవరు. కొట్టువాడు లూకన్‌కి ఇంగ్లీషు యాక్సెంట్ కూడా అక్కర్లేదు. టేబుల్ చుట్టూ అందరూ తెలుగువాళ్లయినప్పుడు అతను "ఏవండీ, మా గోరు దొరికిందా?" అంటే ఊరు ఊరులా ఉంటుంది. మినియేచర్లు కొనేముందు గడుల కాగితం, సీసా మూతలు వాడి చూడండి.

మీరడిగిన షౌట్ల దగ్గరికి వస్తే, గేమ్‌లో ఫుస్ రో దా (శత్రువుని వెనక్కి తోసే మూడు మాటల షౌట్) ఒక మాటకి 15 సెకన్లు, రెండిటికి 20, మూడిటికి 45 సెకన్లు ఆగాలి. టేబుల్ మీద రౌండు 6 సెకన్లు, పోరాటం చాలాసార్లు నాలుగైదు రౌండ్లలో అయిపోతుంది. 45 సెకన్లు అంటే ఎనిమిది రౌండ్లు, పోరాటానికి ఒకసారే అన్నమాట. కాబట్టి సెకన్లు లెక్కపెట్టకుండా షార్ట్ రెస్ట్‌కి (గంటసేపటి విశ్రాంతికి) ఒకసారి అనేయండి. ఒక్కడే డ్రాగన్‌బార్న్ (షౌట్లు అరిచే గేమ్ కథానాయకుడు) అయితే మిగతా ముగ్గురూ సంచులు మోస్తారు, డ్రాగన్‌బార్న్‌ని మీరే ఎన్‌పీసీగా (ఆటగాళ్లది కాని పాత్రగా) నడిపితే నలుగురూ మోస్తారు. మాటల్ని పంచండి. ఒకరికి ఫుస్, ఇంకొకరికి రో, మూడోవారికి దా, నాలుగోవారికి వేరే షౌట్‌లోని మొదటి మాట. ఒక్కరే అంటే పది అడుగులు, ఒకే రౌండ్‌లో ఇద్దరంటే ఇరవై, ముగ్గురూ వరుసగా అంటే ముప్పై అడుగులు తోసి కింద పడేస్తుంది. ఎవరి టర్న్ ఎప్పుడొస్తుందా అని వాళ్లే ఇనిషియేటివ్ (టర్న్‌ల వరుస) చూసుకోవడం మొదలెడతారు.